గుడ్‌బై అనే మాటలో ఉన్న దీవెన



మన పిల్లలు బడిలో మొదట నేర్చుకునే ఇంగ్లీషు మాటల్లో గుడ్‌బై ఒకటి. చెయ్యి ఊపి చెప్పేస్తారు. ఆ మాట పుట్టింది ఒక దీవెనలోంచి. దేవుడు మీకు తోడుగా ఉండాలని చెప్పే ఒకనాటి ఇంగ్లీషు మాటలే జనం నోళ్లలో నలిగి నలిగి గుడ్‌బై అయ్యాయి. బోయజు తన పొలానికి వెళ్లి కోత కోసేవాళ్లను పలకరించింది కూడా ఇలాంటి దీవెనతోనే (రూతు 2:4). గమనించండి, కూలివాళ్లు కాదు, ఆసామియే ముందుగా పలకరించాడు.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల మర్యాదల్లో మాకు నచ్చిన సంగతి ఇదే. బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చాలా ఊళ్లలో బస్సు దిగేవాళ్లు డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు. టికెట్టు డబ్బులిచ్చాం కదా, ఇంకా థాంక్స్ ఎందుకు అనుకోరు. ఆస్ట్రేలియా పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే బండిలో ఉన్నది ముక్కూ మొహం తెలియని మనిషే అయినా, స్టీరింగు మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తారు.

ఇంగ్లీషులో ఇప్పుడు అందరికీ ఒకటే యూ. ఒకప్పుడు అట్లా లేదు. మన నువ్వు, మీరు లాగా వాళ్లకూ దౌ, యూ అని రెండుండేవి. పనివాళ్లకు దౌ, పెద్దలకు యూ. 1650లలో జార్జి ఫాక్స్ అనే బోధకుడు, ఆయన తోటి క్వేకర్లు, దేవుని యెదుట అందరూ సమానులే అని న్యాయాధిపతిని సైతం దౌ అనే పిలిచారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు. 1656లో లాన్సెస్టన్ కోర్టులో ఫాక్స్‌కు అందుకే జరిమానా వేశారు. వాళ్లు అందరినీ దౌ అన్నారు. కాలం గడిచాక ఆ భాషే అందరినీ యూ అనే గౌరవానికి ఎక్కించింది.

అయితే మాట మర్యాద ఒక్కటే చాలదు. ప్లీజ్, థాంక్యూ అనే ఇంగ్లండు ఓడలే బానిసలనూ మోశాయి. హృదయము మారకపోతే మర్యాద పైపూతే.

మరి మన సంగతి? తెలుగులో మీరు, గారు, అండి ఉన్నాయి. ఎంత చక్కని మాటలు! అవి ఎవరికి దక్కుతున్నాయి? మేము తిరిగే పల్లెల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడు అరవై ఏళ్ల పాలేరును ఒరేయ్ అంటాడు. నాట్లకు వచ్చిన తల్లి వయసు ఆమెను ఏమే అంటాడు. ఆదివారం ఆ ఇద్దరి పక్కన కూర్చుని ఒకే రొట్టెలో పాలు పొందినవాడే, సోమవారం పొలంగట్టు మీద వాళ్ల పేర్లు సగం విరిచి పిలుస్తాడు.

ప్రియులారా, ఈ వారం ఒక్క పని చేద్దాం. మన పొలంలో వంగినవారిని, మందిరం ఊడ్చేవారిని, ఆటో నడిపేవారిని పూర్తి పేరుతో, మీరు అని పిలుద్దాం. వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మనమే ముందుగా వందనాలు చెబుదాం.

ప్రభువు మీకు తోడుగా ఉండును గాక. ఆమేన్.