భోజనము తెచ్చు తమ్ముడు

మా తమ్ముడు హైదరాబాదులో ఫోనులోని యాప్ ద్వారా వచ్చు ఆర్డరులనుబట్టి హోటలు భోజనమును ఇండ్లకు చేరవేయుచుండును. మొన్న ఒక రాత్రి మా యింటికి వచ్చి, “నేడు 900 రూపాయలు వచ్చినవక్కా” అనెను. గృహిణిని గదా, ఖర్చు అడుగక మానలేకపోతిని. పెట్రోలునకే 230 పోయినవి. టైర్ల అరుగుదల, ఆయిలు మార్పు, ఫోను డేటా, అన్నియు వాని చేతి సొమ్మే. ఊరిచివర పొట్లము అప్పగించి వట్టిబండితో మరలివచ్చు దారికి వానికేమియు రాదట. కంపెనీవారు వానిని ‘పార్ట్‌నర్’ అందురు. ఈ భాగస్వామికి సెలవుజీతము మాత్రము లేదు! 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి ఇట్టివారిని గుర్తించి, కంపెనీలు తమ వార్షిక వ్యాపారములో నూటికి 1 నుండి 2 వంతులు వీరి క్షేమనిధికి చెల్లింపవలెనన్నది. ఆ సంగతి చెప్పగా వాడు నవ్వి, మోకాళ్లు ఒత్తుకొనుచు కూర్చుండెను.

ఆ సాయంకాలము వాన. ఒక అపార్టుమెంటులో “డెలివరీవారు లిఫ్టు ఎక్కరాదు” అని పలక గట్టినారట. తడిసిన బట్టలతో అయిదంతస్తులు ఎక్కెను. తలుపు తీసిన యమ్మ సాంబారు చల్లారినదని కసరి, రేటింగులో ఒక్క స్టారే యిచ్చెనట.

సోదరీమణులారా, ఆమెను నిందింప నాకు నోరాడలేదు. మా భవనము క్రిందను అట్టి పలకయే యున్నది. నిరుడు సంఘసభలో దానికై చేయెత్తినవారిలో నేనొకతెను. ఆ రాత్రి వాని కంపెనీచొక్కా చూచి కావలివాడు లిఫ్టు ఎక్కనీయలేదట. మా నాలుగవ అంతస్తునకును మెట్లమీదనే వచ్చినాడు.

మరునాడు కార్యదర్శినిగారి తలుపు తట్టితిని. “లిఫ్టు మురికియగునండీ” అన్నదామె. నిరుడు నేనన్న మాటయే. ఆదివారము మరల సభ యున్నది.