తెర మీద బంజారాహిల్స్

మా కలికిరి పక్క పెద్దోళ్ళు "పట్నం పోయినాడు" అంటే మద్రాసు పోయినాడని అర్థం. కూలికి పోయేదేమో బెంగళూరుకు. వానలు లేని ఏడు మా తండాల వాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఎక్కేది బెంగళూరు బస్సే. హైదరాబాదు మాకు దూరం. 2014 దాకా అది మా రాజధానే అయినా, మాలో చానామంది దాన్ని కంటితో చూసింది లేదు. చూసిందంతా సినిమాలోనే. కాబట్టి సినిమా ఎట్లా చూపిస్తే హైదరాబాదు మాకు అట్లాంటిదే.

ఒకప్పుడు తెలుగు సినిమా అంతా మద్రాసులోనే తయారయ్యేది. హైదరాబాదులో సారథి స్టూడియో వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో పెట్టినారు. మెల్లమెల్లగా పరిశ్రమంతా అక్కడికి చేరింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ లేచింది. ఇక అప్పటినుంచి కథ ఏ ఊరిదైనా, ఏదో ఒక మూల హైదరాబాదు కనపడకుండా సినిమా లేదు.

మేము హైదరాబాదు సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు మొదట వచ్చే పేరు 'ఒక్కడు'. 2003లో గుణశేఖర్ తీసినాడు. చార్మినార్ పక్క వీధి కుర్రోడు కబడ్డీ ఆడేదానికి కర్నూలు వచ్చి, ఒక ఆడపిల్లను కాపాడి తన ఇంటికి తీసుకుపోయి దాచిపెడతాడు. ఆ ఇల్లు, దాని మేడ, ఎదురుగా చార్మినార్ చూసి మేము నోరు తెరిచినాము. అది నిజం చార్మినార్ కాదు, సెట్టు అని తర్వాత తెలిసింది. జనం కిటకిటలాడే చోట అన్ని దినాలు షూటింగు ఎట్లా చేస్తారు? సెట్టు వేసినారని మాకు కోపం లేదు. కానీ ఆ కథలో మా సీమ అంటే కత్తులు, సుమోలు, ఓబుల్‌రెడ్డి. హైదరాబాదు అంటే పారిపోయి బతికే చోటు. సీమలో టమోటా నారు నాటే వాళ్ళు, శెనక్కాయలు పెరికే వాళ్ళు, మేకలు కాసే వాళ్ళు కూడా ఉన్నారని ఆ నగరానికి ఎవరు చెప్పాల?

నగరాన్ని ఎవరి కంటితో చూస్తే అదే కనపడుతుంది. 1998లో నగేష్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్' తీసినాడు. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన కొడుకు చూసిన ఊరు అది. 2005లో వచ్చిన 'అంగ్రేజ్'లో పాతబస్తీ కుర్రోళ్ళు దక్కనీ ఉర్దూలో కబుర్లు చెప్పుకుంటారు. తమ యాసను తెర మీద వినుకుని ఆ ఊరి వాళ్ళు పొంగిపోయినారు. 2004లో శేఖర్ కమ్ముల 'ఆనంద్' పద్మారావునగర్ వీధిని, గేటును, కాఫీని, వానను చూపించినాడు. మంచి సినిమాలే. అమెరికా నుంచి వచ్చినోనికి, పాతబస్తీ వానికి, ఉద్యోగం చేసుకునే ఆడపిల్లకు ఈ మూడింట్లో చోటు దొరికింది.

ఇక మా సంగతి. సీమలో మమ్మల్ని సుగాలీలంటారు. తెలంగాణలో లంబాడీలంటారు. పుస్తకాల్లో బంజారాలని రాస్తారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళం. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ బతుకు పోయింది. హైదరాబాదు పక్కన రాతిగుట్టల్లో మావాళ్ళ తండా ఉండేది. నిజాం కాలంలో పెద్ద అధికారిగా ఉన్న మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టల్లో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వెనక నవాబులు, ధనవంతులు వచ్చినారు. అక్కడున్న మావాళ్ళను బట్టే ఆ చోటికి బంజారాహిల్స్ అని పేరు పడింది. పేరు నిలిచింది. తండా నిలవలేదు.

తెలుగు సినిమాలో హీరోయిన్ నాయన కోటీశ్వరుడైతే ఇల్లు బంజారాహిల్సే. మా తండాలో ఒక అవ్వ టీవీలో ఆ మాట వినీ వినీ మనవణ్ణి అడిగింది: "ఒరే, అది మనోళ్ళ గుట్టేనంటివి కదా, మనోళ్ళు ఒకరన్నా కనపడరే?" వాడు ఫోను పక్కన పెట్టి, "సినిమాలో పాటొస్తే కనపడతారులే అవ్వా" అన్నాడు. నిజమే. మా ఫేటియా, అద్దాల కాంచళి పాటల్లో చానాసార్లు కనపడినాయి. ఆ గుడ్డ కట్టుకున్న ఆడమనిషికి మాత్రం పేరుండదు, మాటుండదు. పాట అయిపోతే ఆమె కూడా పోతుంది.

అందరూ అట్లనే తీసినారని మేము అనము. 2010లో క్రిష్ తీసిన 'వేదం' చూసినప్పుడు మాలో మాటలు రాలేదు. సిరిసిల్ల నుంచి ఒక ముసలి నేతగాడు కిడ్నీ అమ్ముకునేదానికి కోడలితో హైదరాబాదు వస్తాడు. మనవడు అప్పు కింద పనిలో చిక్కుకుని ఉంటాడు. ఆ తాతకు పేరుంది, రాములు. ఆయన ఏడుపుకు కారణముంది. నగరంలోకి అప్పుతో వచ్చిన మనిషి కంటితో నగరాన్ని చూపించొచ్చునని ఆ సినిమా రుజువు చేసింది. మేము అడిగేది అంతమాత్రమే.

ఎందుకు అడగాలంటే, తెర మీద లేకపోవడం మా పిల్లల నోటిదాకా వచ్చింది. మా పక్క తండా పిల్లోడు కోచింగుకని అమీర్‌పేట పోయినాడు. హాస్టల్ రూములో ఏ ఊరంటే మదనపల్లె అంటాడు, అంతటితో ఆపుతాడు. తండా పేరెత్తడు. యాడి ఫోను చేస్తే మెట్ల మీదికి పోయి, గొంతు తగ్గించి గోర్ బోలిలో మాట్లాడతాడు. ఆ బోలి వింటే పక్కవాళ్ళు నవ్వుతారని వానికి భయం. పాతబస్తీ యాసను సినిమాలో విని మురిసిపోయే ఊర్లోనే వానికి ఆ భయం.

2022 సెప్టెంబరులో బంజారాహిల్స్ పదో నంబరు రోడ్డులో సేవాలాల్ బంజారా భవన్‌ను, దాని పక్కనే కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్‌ను ప్రారంభించినారు. ఆ గుట్ట మీద మా పేరుతో ఒక ఇల్లు లేచింది. సంతోషమే. సినిమా వాళ్ళ స్టూడియో కూడా ఆ బంజారాహిల్స్‌లోనే ఉంది.

కథ రాసేవాళ్ళను మేము అడిగేదొకటే. హైదరాబాదులో మేడలు లేచేటప్పుడు ఇటుకలు మోసే మావాళ్ళున్నారు. కాలేజీలో మా పిల్లలున్నారు, ఆఫీసుల్లో మా ఉద్యోగులున్నారు. వాళ్ళలో ఒకరికి మీ కథలో పేరు పెట్టండి. ఆ ఒక్కరు వాళ్ళ యాడితో ఫోనులో గోర్ బోలిలో గట్టిగా మాట్లాడేటట్లు రాయండి. మీరు రాసేదాకా మేమూ చేతులు కట్టుకుని కూర్చోము. ఫోనులో సినిమా తీసే పిల్లలు ఇప్పుడు తండాల్లోనూ ఉన్నారు, కథలు మా అవ్వల దగ్గర ఉన్నాయి.