ఏటియొడ్డున ఊయల

ఊయల యనగానే మనకు దూలమునకు కట్టిన పాతచీరయు, అందు నిదురించు పసిబిడ్డయు జ్ఞప్తికి వత్తురు. ఏబదియారవ యేట నేనే ఊయలలో పరుండవలసివచ్చునని యెన్నడును తలపలేదు.

నా కుమార్తె అమెరికాలో ఐడహో రాష్ట్రమందలి బోయిసీ పట్టణమున నుద్యోగము చేయుచున్నది. 2023 వేసవిలో నేనామె యొద్దకు పోయితిని. మావారు గతించిన పిదప రెండేండ్లుగా నాకు రాత్రులు సరిగా నిదుర లేదు. ఆ సంగతి కనిపెట్టియే కాబోలు, స్నేహితురాండ్రతో తలపెట్టిన పయనమునకు నన్నును రమ్మనెను. సాల్మన్ నది మధ్యశాఖపై రబ్బరు తెప్పలలో ఆరు దినములు, ఇంచుమించు 100 మైళ్లు. రాళ్లనడుమ నీరు నురుగులు గ్రక్కుచు దుముకు తావులు నూరుదాక నుండునట. రాత్రులందు చెట్లకు ఊయలలు కట్టుకొని పరుండవలయును.

చట్టముచే కాపాడదగిన నదులని 1968లో ఆ దేశమువారు మొదట నేరిన యెనిమిదింటిలో ఇది యొకటి. దీనివెంట బండిబాట లేదు. ఇది పోయి కలియు పెద్ద సాల్మన్ నదికి ‘మరలిరాని నది’ యని పేరు. పూర్వము కొయ్యపడవలు దిగువకు పోవుటయే గాని, ఆ వడికి ఎదురేగి రాలేకపోయెడివి. మరచిన వస్తువునకై మనమును మరలిరాలేము. కావున సన్నాహమంతయు ఇంటనే జరుగవలయును.

వారము ముందుగా పెరటిలో రెండు చెట్ల నడుమ ఊయల కట్టి, అందు స్లీపింగు బ్యాగులో దూరి పరుంటిని. రెండు గంటలవేళకు వీపు మంచుగడ్డయైనది. లోనికి పోయి తెల్లవారుదాక కూర్చుండి, “నేను రాలేను, మీకు భారమగుదును” అని చెప్పివేసితిని.

“తప్పు నీది కాదమ్మా, మనము కట్టిన తీరుది” అని నా కుమార్తె వివరించెను. మేనిబరువునకు సంచి యడుగుభాగము నలిగి అందలి గాలి పోవును. వెచ్చదనమును నిలుపునది ఆ గాలియే. మరునాటి రాత్రి వీపుక్రింద ఫోము చాప పరచితిమి. గుడ్డను బిగియలాగక వంపు విడిచి, ఐమూలగా పరుండగా నడుము చదునుగా నిలిచెను. ఆ రాత్రి నాలుగు గంటలు నిదురపోతిని. వెళ్లుటకే నిశ్చయించుకొంటిని.

బెరడు కోసుకొనిపోకుండ త్రాళ్లకు మారు అంగుళము వెడల్పు పట్టీలు తీసికొంటిమి. వానకు టార్పాలిను, తడిసిన ఆరని నూలుబట్టలకు బదులు ఉన్నిబట్టలు సర్దితిమి. పక్కబట్టలను నీరుచొరని సంచిలో నుంచి, మూతిని మూడు చుట్లు చుట్టి బిగించితిమి. పయనము మొదలగు తావు 5,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. జులైలో గూడ రాత్రి చలి మెండు.

బస చేయు తావులను అటవీశాఖవారు ముందే నిర్ణయింతురు. చెట్లు నచ్చలేదని వేరొకచోటికి పోరాదు. మూడవనాటి బసలో పైను చెట్లు ఎన్నడో కార్చిచ్చున మాడి మోడులై నిలిచియుండెను. ఎండుమాను ఎప్పుడు కూలునో చెప్పలేము. దానికి ఊయల కట్టరాదు. ఆ చాపనే ఇసుకపై పరచి పరుంటిమి. చాప తేనిచో ఆ రాత్రి జాగరణమే.

నాలుగవనాడు పచ్చని చెట్లు దొరికెను. పడినను దెబ్బ తగులకుండ కుర్చీయంత యెత్తున ఊయల కట్టితిమి. ఏటిహోరు వినుచుండగా నెప్పుడు కన్నుమూసితినో తెలియదు. మరల తెరచునప్పటికి కొండపై నెండ పడినది. నా కుమార్తె కాఫీలోటాతో నిలిచి, “లేపుటకు మనసొప్పలేదమ్మా” అనెను. రెండేండ్లలో నన్నొకరు నిదురలేపవలసిన దినము అదియే మొదలు.

సోదరీమణులారా! బిడ్డలిట్టి పయనమునకు పిలిచినచో, వలదనుటకు ముందు ఒక రాత్రి పెరటిలో పరుండి చూడుడు. మొదటి రాత్రి నిదురపట్టకున్నచో, రెండవ రాత్రి కూడ చూడుడు.