అష్టా పడ్డదంటే తాళం కొట్టాలె

ఏందీ, బట్టలు ఆరేసుడు ఇంకా కాలేదా? కానియ్యిండ్రి. నేను గోడ కాడ్నే నిలబడ్త, మీరు పని చేసుకుంటనే వినుండ్రి. మా చర్చిల పిల్లల పాటల క్లాసు ముచ్చట మీకు చెప్పనేలేదు.

పిల్లలకు పాటలు రాక కాదు. అందరు కల్సి ఎత్తుకుంటే పైన రేకులు అదురుతయి. ఒక్కరిని లేపి "బిడ్డా, పల్లవి నువ్వు పాడు" అంటే మాత్రం ఒకడు చొక్కా గుండీ నములుతడు, ఒకతి పక్కదాని వెనక దాక్కుంటది. మార్కెట్ యార్డు దిక్కు నుంచి వచ్చే పిలగాడొకడు ఉన్నడు. మిర్చి బస్తాల నడుమ వాడు అరిస్తే కేసముద్రం స్టేషన్ దాకా ఇనవడ్తది. చర్చిల నోరు తెరవడు. నవ్వుతున్నరా? బతుకమ్మ కాడ మీ చప్పట్లే ఇనవడ్తయి గాని గొంతు ఇనవడదు, నాకు తెల్వదనుకున్నరా!

అందుకే అష్టాచెమ్మ గీసిన. టీవీ డబ్బా అట్ట కోసి, ఐదుకు ఐదు, ఇరవై ఐదు గడులు. కాయలకు పసుపు కొమ్ము ముక్కలు, పగిలిన గాజులు. ఒక పిల్ల మిరప తొడిమెలు తెచ్చింది గాని వద్దన్న, కండ్లు మండుతయి. పాచికలకు నాలుగు చింతగింజలు, ఒక పక్క గచ్చుకు రాసి తెల్లగ చేసినం. ఆ రాకుడు మీద పిల్లలకు పాట కంటే ఎక్కువ మోజు.

బయటి పదహారు గడులల్ల చిన్న చిన్న పనులు రాసిన. పల్లవి మెల్లగ పాడు. నోరు మూసుకొని రాగం తియ్యి. పక్కోడు ఆపిన కాడ అందుకో. లోపలి ఎనిమిదింటిల చరణాలు. నడిమి ఇంట్లకు కాయ పోతే అందరు కల్సి పాట మొత్తం పాడాలె. అష్టా పడ్డదనుకోండ్రి, ఎనిమిది కదా, ఆది తాళం కూడ ఎనిమిదే. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్ల దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఆడేటోళ్లు, చూసేటోళ్లు అందరు కొట్టాలె.

తాళం ఎందుకంటరా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడుండ్రి, చాలా కీర్తనల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటయి. పురుషోత్తమ చౌదరి గారని, 1803ల పుట్టి 1890 దాకా బతికిన పెద్దాయన, ఎన్ని కీర్తనలు రాసిండో! మన రైలు దారిలనే మానుకోట దాటినంక డోర్నకల్ రాదా, అక్కడి అజరయ్య గారు 1912ల బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంల మన దేశపోళ్లల్ల తొలి బిషప్ ఆయననే. మన పాట, మన కట్టడం కావాలన్న మనిషి. 1939ల తెరిచిన ఆ పెద్ద చర్చి చూడలేదా మీరు? గుడి స్తంభాలు, మసీదు గుంబజులు కల్సి ఉంటయి. ఒకసారి పోదాం, టిఫిన్ నేను కడ్త.

ఏం చెప్తున్న? ఆ, ఆట. ఆటతోని సంగీతం చెప్పుడు కొత్తేం కాదు. చౌదరి గారు పుట్టకముందే, 1801ల, ఎడిన్‌బరోల ఆన్ యంగ్ అనే సంగీతం టీచరమ్మ పాచికలు, కాయలు పెట్టి ఆటపెట్టె చేసి పేటెంటు తీసుకున్నది. పిల్లలు అప్పుడూ పిల్లలే.

నాకు ఇష్టమైన సంగతి ఇంకోటి ఉన్నది. అష్టాచెమ్మల ఒకరి గడిల ఇంకొకరు దిగితే కాయను చంపుతరు కదా. మేం చంపం. ఇద్దరు జత కట్టి పాడాలె. చంపితే గాని లోపలి గడులకు పోనియ్యరు కదా, ఇక్కడ జత కట్టి పాడితే గాని పోనియ్యం. టీచరు పేరు పిలిస్తే పిల్లకు పరీక్ష లెక్క భయమైతది. గింజలు పిలిస్తే భయమెందుకు? గింజలకు మార్కులు వేసుడు రాదు.

మొన్న ఆ మార్కెట్ పిలగాని గడిల ఒక చిన్నపిల్ల దిగింది. వాడు చెప్పుల దిక్కు చూసిండు, లేచి పోదామని. అది ఆగుతదా, ఎత్తుకున్నది. వాడు గొణిగిండు. రెండో లైనుల పిల్ల మాట మర్చిపోయి ఆగింది, వాడు ఆగలే. చరణం చివరిదాక ఒక్కడే పాడిండు. ఎవ్వరు చప్పట్లు కొట్టలే, కొట్టనియ్యలే నేను. కొడితే మళ్ల సిగ్గుపడి ముడుచుకుంటడు. "మళ్ల ఎవరిది?" అన్న, అంతే. వాడే గింజలు తీసి పక్కోనికిచ్చిండు.

ఇప్పుడొక చిక్కున్నది. చాపు తాళం కీర్తనలు మొదలుపెడ్తమంటున్నరు. దానికి లెక్క ఏడు. నాలుగు గింజలతోని ఏడు ఎట్ల పడ్తది? పడదు. గవ్వలైతే ఏడు వేసి ఆడొచ్చు. మీ అత్తమ్మ పచ్చీసు ఆడిన గవ్వలు అటక మీద ఉన్నయని మీరే చెప్పిండ్రు, ఉట్లపండుగ నాడు. ఆ దండెం మీద చీర నేనేస్త గాని, మీరు స్టూలు ఎక్కి చూడుండ్రి.