మూడో అంతస్తుకి అరుగు

ఫ్లాట్‌లో హాయిగా ఉండటం ఎలా అని ఫోన్‌లో వెతికి చూడండి. వచ్చే వీడియోల్లో సగం ఏదో ఒకటి కొనమనే చెప్తాయి. డిఫ్యూజర్ కొనండి, ఎయిర్ ప్యూరిఫయర్ కొనండి, బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి పరవండి. నేనూ చాలానే చూశాను. చూడాల్సిన అవసరం మా నాన్నగారి వల్ల వచ్చింది.

మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఒడిశా సరిహద్దు ఊరు. తాతగారి పెంకుటిల్లు అన్నదమ్ముల పంపకాల్లో అమ్మేశారు. రెండేళ్ల క్రితం అమ్మా నాన్నా అదే ఊళ్లో కొత్తగా కట్టిన మూడంతస్తుల గ్రూప్ హౌస్‌లో పై ఫ్లాట్‌కి మారారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నెలలో రెండు వారాలు ఇంటి నుంచి పని చేసుకోవచ్చు కాబట్టి ఆ రెండు వారాలూ అక్కడే ఉంటాను.

నాన్నగారు రిటైరైన తెలుగు మేష్టారు. పాత ఇంట్లో పొద్దున్న ఆరింటికి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవారు. పేపర్లో ఉన్న వార్తలు గంటలో అయిపోయేవి, పేపర్లో లేనివి తొమ్మిదింటిదాకా నడిచేవి. పాలవాడు, బడికెళ్లే పిల్లలు, సంతకెళ్లే సవర ఆడవాళ్లు, ఎవరో ఒకరు ఆగి ఒక మాట మాట్లాడి వెళ్లేవారు. ఫ్లాట్‌కి వచ్చిన మూడు నెలలకి ఆయనకి మాటలు తగ్గిపోయాయి. టీవీ పెట్టి, సౌండ్ తీసేసి కూర్చునేవారు. "మీ నాన్న పలకడం మానీసినార్రా. పిలిస్తే తల తిప్పుతారంతే" అని అమ్మ ఫోన్ చేసింది. షుగర్ కూడా పెరిగింది. డాక్టరు గారు "రోజూ నడవండి మేష్టారూ" అన్నారు. ఈయన "ఎక్కడికి?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది. పాత ఇంట్లో తలుపు తెరిచి ఉండటం మామూలు, మూయడానికి కారణం కావాలి. ఫ్లాట్‌లో తలుపు మూసి ఉండటం మామూలు, తీయడానికి కారణం కావాలి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ సెట్టింగ్ మారిపోయింది. మనిషి వాడే.

అందరిలాగే మొక్కలతో మొదలుపెట్టాం. స్నేక్ ప్లాంట్ పెడితే ఇంట్లో గాలి శుభ్రమైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూడండి, దానికి మూలం 1989లో వచ్చిన నాసా ప్రయోగం. అది గాలి చొరకుండా మూసిన చిన్న ఛాంబర్లలో చేసింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నిటినీ మళ్లీ లెక్కకట్టారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా మొక్కలు ఉండాలని తేలింది. మా హాలు పన్నెండు చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ నూట ఇరవై కుండీలు. దానికంటే కిటికీ తీయడం తేలిక.

అయినా మొక్కలు పెట్టాం, కూరకి. మా బాల్కనీ పడమర వైపు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ ముఖం మీదే కొడుతుంది. అక్కడ పుదీనా, కొత్తిమీర తట్టుకోవు. వాటిని తూర్పు వైపున్న వంటింటి కిటికీలో పెట్టి, బాల్కనీని బచ్చలికి, కరివేపాకుకి, వాము ఆకుకి వదిలేశాం. బచ్చలి తీగని గ్రిల్‌కి అల్లిస్తే ఎండకి తెరలాగా ఉంటుంది, పప్పులోకీ వస్తుంది. కుండీ నిండా మట్టే పోస్తే బరువు. కోకోపీట్, వర్మీ కంపోస్ట్ కలిపితే తేలికవుతుంది. కుండీ కింద పళ్లెంలో నీళ్లు మాత్రం నిలవ ఉండనివ్వకండి, డెంగీ దోమకి అదే ప్రసూతి ఆసుపత్రి.

నాన్నగారు రోజూ మొక్కలకి నీళ్లు పోసేవారు. పోసి, మళ్లీ టీవీ ముందుకే వెళ్లేవారు.

పై అంతస్తులో ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పే సలహా ఒకటే ఉంది, డాబాకి తెల్లటి పూత వేయించండి. సున్నంలో జిగురు కలిపి రెండు కోట్లు వేస్తే చాలు. తెల్లటి కప్పు ఎండని వెనక్కి కొట్టేస్తుంది, స్లాబు అంతగా కాగదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. వానలకి సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మాఘమాసం వెళ్లాక మళ్లీ వేసుకోవాలి. మా ఇంట్లో రాత్రి పదింటికి ఫ్యాన్ కింద వేడిగాలి రావడం బాగా తగ్గింది. ఇంకో లాభం నేను అనుకోనిది. సున్నం ఎలా వేశారో చూద్దామని కింది ఫ్లాట్ల వాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. సాయంత్రం డాబా మీద నుంచి కొండల వరస కనిపిస్తుందని వాళ్లలో ఇద్దరికి అప్పటిదాకా తెలీదు. ఏడాదిగా అక్కడే ఉంటున్నారు!

అప్పుడు వచ్చింది బల్ల ఆలోచన. పాత ఇల్లు అమ్మినప్పుడు తెచ్చుకున్న వస్తువుల్లో ఒక టేకు బల్ల ఉంది. ఫ్లాట్‌లో ఎటు పెట్టినా అడ్డమే. దాన్ని కిందకి దింపి, మెట్లకీ బోరు మోటారు స్విచ్‌కీ మధ్య వేద్దామన్నాను. ఆరు ఫ్లాట్ల అసోసియేషన్ దీనిమీద నలభై నిమిషాలు మీటింగు పెట్టింది. బండి పెట్టుకోవడానికి ఇబ్బంది అని ఒకరు, రేపు ఇంకొకరు మంచం వేస్తారని ఇంకొకరు. చివరికి గ్రౌండ్ ఫ్లోర్ మామ్మగారు "నాను కూకుంటాను, ఉండనీండి" అన్నారు. ఇక ఎవరూ మాట్లాడలేదు.

మా బిల్డింగుకి లిఫ్ట్ లేదు. అరవై మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది చెప్పను గానీ, నాన్నగారి మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. మొదటి వారం నేను బతిమాలితే దిగారు. రెండో వారం పేపరు బల్ల మీదే వేయమని పేపరబ్బాయికి ఆయనే చెప్పారు. మోటారు స్విచ్ పక్కనే కాబట్టి ట్యాంకు నిండితే ఆపే పని ఎవరూ ఇవ్వకుండానే ఆయనకి వచ్చిపడింది. మోటారు వేయడానికి వచ్చినవాళ్లు, ట్యాంకు నిండేదాకా ఏం చేస్తారు, కూర్చుంటారు. రెండో అంతస్తు పిల్లాడిని "ఏటి, ఈవేళ బడి లేదా?" అని అడగడం నేను పైనుంచి విన్నాను. కాల్‌లో ఉన్నాను. మ్యూట్ చేసుకుని విన్నాను.

నడక కూడా అలాగే కుదిరింది. పొద్దున్నే గంటసేపు నడవాలంటే ఆయన వల్ల కాలేదు. తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్‌కి మంచిదని డాక్టరు గారే అన్నారు కాబట్టి రోజుకి రెండుసార్లు చిన్న నడకలు పెట్టుకున్నాం. ఒకపూట నీలమణి దుర్గమ్మ గుడి వైపు, ఒకపూట ఏటి వైపు. మహేంద్రతనయ ఎండాకాలంలో ఇసుకే ఎక్కువ, నడవడానికి బాగుంటుంది. వానాకాలం మాత్రం దూరంగా ఉండటమే మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ ఏరు ఎలా పొంగిందో ఊరు ఇంకా మర్చిపోలేదు. షుగర్ ఇప్పుడు కొంత తగ్గింది. మందు కూడా మార్చారు కాబట్టి మొత్తం బల్ల ఖాతాలో వేయను.

ఆదివారాలకి మాకు రైలుంది. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే లైను. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించినప్పుడు ఇది రెండున్నర అడుగుల గేజు, బొమ్మ రైల్లాంటిది. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. బ్రాడ్‌గేజి చేశాక 2011లో గుణుపూర్ దాకా మళ్లీ నడుస్తోంది. నాన్నగారు చిన్న రైల్లో తిరిగిన మనిషి. పాతపట్నంలో ఎక్కితే తర్వాతి స్టేషనే పర్లాకిమిడి, అంటే ఇంకో రాష్ట్రం. టికెట్ ఖర్చు ఇక్కడ టీ ఖర్చంత. అటు కాకుండా ఇటు ఎక్కితే టెక్కలి. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం, చలికాలమైతే చెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు.

పర్లాకిమిడిలో మేం చూసేది పెద్దగా ఏమీ లేదు. రాజావారి కోట బయటినుంచి చూస్తాం, బజార్లో తిరుగుతాం, టీ తాగుతాం. కానీ నాన్నగారికి అది గిడుగు రామమూర్తి గారి ఊరు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన, 1880లో పర్లాకిమిడి స్కూల్లో మేష్టరుగా చేరారు. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు, పుట్టిపెరిగిన ప్రాంతం వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. నేనీ వ్యాసం ఇలా మాట్లాడే తెలుగులో రాస్తున్నానంటే అందులో ఆయన కష్టం ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు నాన్నగారు రైల్వే స్టేషన్ నుంచి బజారు దాకా ఇదంతా చెప్తూనే ఉన్నారు. అమ్మ నావైపు చూసి, ఇక ఆపమనకు అన్నట్టు సైగ చేసింది. ఏడాదిలో ఆయన అంతసేపు మాట్లాడటం అదే.

వచ్చే నెల నుంచి మా టీమ్‌ని పూర్తిగా హైదరాబాద్ ఆఫీసుకి రమ్మంటున్నారు. మీరూ వచ్చేయండి అని ఇద్దరినీ అడిగాను. అమ్మ నాన్నగారి వైపు చూసింది.

"అక్కడ నీది ఎన్నో అంతస్తురా?" అన్నారు.

"పద్నాలుగు. లిఫ్ట్ ఉంటుంది నాన్నా."

"అది కాదు. కింద బల్ల వేయనిస్తారా?"

ఆ రాత్రే అక్కడి అసోసియేషన్‌కి మెయిల్ పెట్టాను. బల్ల కొలతలు కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు.