బెత్తెడు సందు

పుదుచ్చేరి నుంచి కడలూరు పోయే రహదారిలో, అరియాంకుప్పంలో ఒక ఇంటి ముంగిట, వేపచెట్టు నీడన చక్రాల మీద నిలిచిన చిన్న గది ఒకటి దారిన పోయేవారి చూపును ఆపుతుంది. ఒక ఇరుసు, రెండు చక్రాలు. లోపల మంచం, పొయ్యి, మరుగుదొడ్డి. జీపు వెనుక తగిలించి లాగే ఆ బండి యజమాని ఉద్యోగరీత్యా యానాం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన విశ్రాంత ఉద్యోగి. మోకాళ్ల నొప్పులతో రైలు మెట్లు ఎక్కలేని భార్యకు పుట్టినూరి గోదావరిని మరొక్కసారి చూపాలన్న కోరికతో, ఆయన తానే నమూనా గీసి ఒక షెడ్డులో దానిని కట్టించారు.

మొదటి యాత్ర తిండివనం చేరకుండానే ముగిసింది. కాలిన రబ్బరు వాసన ముందు తగిలింది. దిగి చూస్తే ఎడమ టైరు మీద రాపిడి చార, మడ్‌గార్డు లోపలి వైపు రంగు పోయి మెరుస్తున్న రేకు.

"బయలుదేరేటప్పుడే ఎడమ పక్కకు ఒరిగిందని చెప్పాను కదండీ," అన్నారు ఆమె.

నేల వాటంగా ఉందని అప్పుడు ఆ మాటను కొట్టివేసిన ఆయన, ఇప్పుడు బదులు పలకలేకపోయారు. బండి నెమ్మదిగా ఇల్లు చేరింది. సర్దిన పెట్టెను ఆమె ఆ రాత్రి విప్పలేదు.

మడ్‌గార్డు అంచు కోసివేస్తే సరిపోతుందన్నారు షెడ్డువారు. ఆయన దాదాపు ఒప్పుకున్నారు. అయితే లారీల కమాను కట్టలు బాగుచేసే ఒక వృద్ధ మేస్త్రీ, నెల్లూరు, విజయవాడ లారీల వెంట తిరిగి నేర్చిన తెలుగులో, అడ్డు చెప్పాడు: "రేకు కోస్తే తగలడం ఆగుతుంది సార్. ఎందుకు తగిలిందో అది ఆగదు."

అతడు స్పానరు పట్టలేదు. ముందు టేపు తీశాడు. బండిని చదునైన నేల మీద నిలిపి, ప్రయాణపు సామానంతా ఉండగానే టైరు పైభాగానికీ మడ్‌గార్డుకూ మధ్య సందు కొలిచాడు. కుడివైపు 7 సెంటీమీటర్లు, ఎడమవైపు 4. గుంతలో చక్రం పైకి లేచినప్పుడు ఆ నాలుగు ఏ మూలకూ చాలవు. తరువాత ఎడమ చక్రం మీదుగా అమర్చిన 120 లీటర్ల నీళ్ల ట్యాంకును ఖాళీ చేయించాడు. లీటరు నీరు ఒక కిలో. అంటే 120 కిలోలు ఒక పక్క కమాను మీదనే కూర్చున్నాయి. నీరు పోగానే ఎడమ సందు 6కు పెరిగింది. తక్కిన ఒక్క సెంటీమీటరు లోటు నీటిది కాదు, కమానుది.

ఆపైన జీపుకు తగిలించే కొక్కెం నుంచి ఇరుసు రెండు కొనలకూ టేపు లాగాడు. ఎడమ కొలత ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. ఇరుసు ఆ పక్క వెనక్కు జరిగిందన్నమాట! విప్పి చూస్తే కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగింది. ఒక పట్టీ చిట్లింది. యూ బోల్టుల నట్లు వదులయ్యాయి. కొత్త కమాను కట్ట బరువుకు సర్దుకుంటుంది. అందుచేత మొదటి కొన్ని వందల కిలోమీటర్ల లోపల ఆ నట్లను మళ్లీ బిగించాలి. ఆ పని ఎవరూ చేయలేదు.

చిట్లిన పట్టీని వెల్డింగు చేయమంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ వేడికి ఉక్కు పదును పోయి, పట్టీ అక్కడే మళ్లీ విరుగుతుంది. కొత్త పట్టీ, కొత్త బోల్టులు వేసి, రెండు పక్కల వంపూ సమానం చేశాడు. బలం కోసం మరి రెండు పట్టీలు చేర్చమని యజమాని అడిగితే తల అడ్డంగా ఊపాడు: "గట్టి కమాను గుంతను మింగదు సార్, బండికి ఇచ్చేస్తుంది."

ట్యాంకును ఇరుసు మీదుగా నడిమికి మార్చే పని మాత్రం యజమానే చేసుకున్నారు. అక్కడికి కొద్ది దూరంలోనే, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు ఉంది. రెండువేల ఏండ్ల నాడు అక్కడ రోమను వర్తకపు సరుకు దిగేదని 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు చాటాయి. ఓడలో బరువు ఒక పక్కకు ఒరగకుండా సర్దడం ఆ రేవు ఎరిగిన పాత పాఠం. ఆ పక్కనే ఇన్నేళ్లుగా కాపురమున్న తాను దానిని మరచానని ఆయన నవ్వుకున్నారు. ఆ సాయంత్రం భార్యతో, "ఆనాడు నీవు చెప్పింది నిజమే," అన్నారు. ఆమె ఏమీ అనలేదు. పెట్టెలో మందుల సంచీ ఒకటి చేర్చారు.

మలి ప్రయాణంలో తిండివనం దాటాక ఆయన బండి ఆపారు. మడ్‌గార్డు కింద నాలుగు వేళ్లు అడ్డంగా దూర్చి చూశారు. బెత్తెడు సందు అలాగే ఉంది. చక్రం మధ్యభాగం తాకి చూశారు, వేడి లేదు. నట్లు బిగించి చూశారు, కదలలేదు.

అయినా జీపు ఎక్కలేదు. కిటికీ దగ్గరకు వచ్చి, "ఒరుగు ఏమైనా కనబడుతున్నదా?" అని అడిగారు.

ఆమె తల బయట పెట్టి, వెనక్కు తిరిగి, తొందర లేకుండా చూశారు.

"లేదండీ. ఇక పోనివ్వండి."