మొగ తవ్వితే ఎవరికి లాభం

అమలాపురం

ఏరా బావా,

హాంబర్గు రేవులో డ్రెడ్జర్లు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయని రాశావు. గోదారి సముద్రంలో కలిసే మన మొగల దగ్గర కూడా ఒకటి పెట్టి ఇసుక తీసేస్తే అంతర్వేది పల్లిపాలెం బోట్లు పోటు కోసం కాసుక్కూర్చోవక్కర్లేదు కదా అన్నావు. మాట బాగానే ఉంది. అసలు పూడిక తియ్యకపోతే ఏమవుతుందో కోరంగిని చూస్తే తెలుస్తుంది. ఓడలు కట్టిన ఊరది. 1789, 1839 తుఫాన్లు కొంత, గోదారి ఒండ్రు కొంత కలిసి ఆ రేవు నోరు మూసేశాయి. కాబట్టి తవ్వొద్దనే మనిషిని కాను నేను.

నా పేచీ వేరే. మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషనుకి 2009లో ఒక సవరణ చేర్చారు. దాని ప్రకారం కొత్తగా లోతు పెంచడానికి తవ్వితే అనుమతి కావాలి. ఉన్న లోతు నిలబెట్టుకోడానికి తీసే పూడికకి, అంటే మెయింటెనెన్స్ డ్రెడ్జింగుకి, అక్కర్లేదు. కాకపోతే అది మొదటి ప్రతిపాదనలోనే ఉండాలి, దానికి యాజమాన్య ప్రణాళిక రాసి అప్పుడే అనుమతి తెచ్చుకుని ఉండాలి. కాకినాడ లాంటి రేవుకి ఇది సరిపోతుంది. మన మొగలకి ఆ మొదటి ప్రతిపాదన ఏదిరా? 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గం కాకినాడ కాలవ వెంట వచ్చి, గోదారి దాటి ఏలూరు కాలవలో పడి బెజవాడ పోతుంది. ఆ గీత మన లంకల్లోకి దిగనే లేదు. మరి ఇక్కడ ఎవరో వచ్చి తవ్వి 'పూడికతీత' అని రాసేస్తే, అది పాత లోతో కొత్త లోతో తేల్చేదెవరు?

ఆ తేడా ఎందుకంటావేమో. ధవళేశ్వరం గేట్లు వేసేశాక వేసవిలో కిందకొచ్చే మంచినీళ్లు నామమాత్రం. అప్పుడు మొగ దగ్గర పెత్తనమంతా సముద్రానిదే. ఉప్పునీరు బరువు కనక అడుగు పట్టుకుని పైకి పాకుతుంది. మొగలో మేట వేసిన ఇసుక బోటుకి అడ్డమే, కానీ ఆ ఉప్పుకీ కొంత అడ్డమే. గడపలాగ. దాన్ని చెక్కేస్తే బోటూ వస్తుంది, దాని వెనకాలే పోటూ వస్తుంది.

మొగలదే కాదు, డ్రెయిన్లదీ ఇదే కథ. 2011లో మన కోనసీమ రైతులు పంట వెయ్యమని క్రాప్ హాలిడే ప్రకటించారు, గుర్తుందా? డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, పూడిక తియ్యండి అన్నది వాళ్ల మొదటి కోరికల్లో ఒకటి. అది న్యాయమైన కోరిక. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజోలు వైపు కేశనపల్లి వచ్చి చూసినవి కూడా డ్రెయిను పక్క చెట్లే. శంకరగుప్తం డ్రెయిను గుండా పోటుకి ఉప్పునీళ్లు ఎక్కి, తల రాలిపోయి మోడులైన కొబ్బరి. ఆ తర్వాత టీవీల్లో, కోనసీమకి దిష్టి తగిలిందని ఆయన అన్న మాట మీదే రగడ. ఉప్పు మాట వెనకబడింది. కొబ్బరి ఉప్పుగాలికి ఓర్చుకునే చెట్టేగానీ, వేళ్లు ఉప్పునీట్లో నిలిచి నానితే బతకదు. మురుగు పోవాలంటే డ్రెయిను తెరవాలి, తెరిస్తే సముద్రం లోపలికొస్తుంది. పాటుకి తెరుచుకుని పోటుకి మూసుకునే స్లూయిజు తలుపులు లేకుండా ఊరికే తవ్వుకుంటూ పోతే సగం పని చేసినట్టు కాదు, తప్పు పని చేసినట్టు.

తీసిన ఇసుక ఎటు పోతుందన్నది ఇంకో తిరకాసు. ఆంధ్రా యూనివర్సిటీ ఆచార్యులు కె. నాగేశ్వరరావు బృందం లెక్కలో, 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదారి ఒండ్రు 2000 తర్వాత 6 కోట్ల లోపుకి పడిపోయింది. మిగిలింది ఆనకట్టల వెనక ఆగిపోతోంది. అందుకే డెల్టా ఒడ్డు కోతకి గురవుతోంది. అలాంటప్పుడు పూడిక పేరుతో తీసిన ఇసుక లారీలెక్కి పోతే అది పూడికతీత కాదు, ఇసుక వ్యాపారం. కోసుకుపోతున్న ఒడ్డు మీదే తెచ్చి పొయ్యాలని మొదటి షరతుగా రాయాలి. రెండో షరతు కాలం. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీటికి పులస ఎదురెక్కుతున్నప్పుడు మొగలో యంత్రం తిప్పకూడదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎలాగూ ఉంది. బోట్లు అప్పుడు ఖాళీయే గానీ, ఉప్పు ఎక్కువ ఎగదన్నేది కూడా అప్పుడేరా! అందుకే ఇది తారీఖు చూసి తేలే లెక్క కాదు, నీళ్లలో ఉప్పు కొలిచి తేల్చాల్సిందే.

మీ ఊళ్లోనూ ఇంతేగా. 2017లో లైప్‌జిగ్ కోర్టు మీ ఎల్బె నది లోతు పెంచే ప్రణాళికలో లోపాలున్నాయంది, ఆ నదిలో తప్ప ఇంకెక్కడా మొలవని ఒక నీటిమొక్క కోసం కూడా. ఆ తర్వాత సరిదిద్దుకుని తవ్వారు. 2022 మొదట్లో పని పూర్తయిందన్నారు, ఆ ఏడాది చివరికే పూడిక చేరి ఓడలకి అనుమతించే లోతు తగ్గించారు. నది ఎవరి మాటా వినదు అనుకో. నాకు ఆసక్తల్లా ఆ ఎల్బె పక్కనున్న ఆల్టెస్ లాండ్ యాపిల్ తోటల మీద. లోతు పెరిగితే తోటల నీళ్లలోకి ఉప్పొస్తుందని వాళ్లూ గోల పెట్టారు, నీళ్లు నిలవ చేసుకునే చెరువులు అడిగారు.

ఒక ఆదివారం అటు వెళ్లి, ఉప్పు ఎవరు కొలుస్తారో, ఆ అంకెలు రైతుకి ఎప్పటికప్పుడు చేరతాయో లేదో, చెరువులకి డబ్బు ఎవరు పెట్టారో కనుక్కుని రాయి. రాజోలు వైపు మనవాళ్లు కొందరు అర్జీ రాస్తున్నారు, అందులో పెట్టుకుంటాం. సంక్రాంతి లోపే పంపు.

నీ బావ